రాత్రంతా పడవ కదలకుండా లంగరు వేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

పగలు ఓ గంట ఆగడానికి లంగరు వేయడం వేరు, దాన్ని నమ్ముకుని నిద్రపోవడం వేరు. పగలు జారితే కళ్ల ముందే జారుతుంది. రాత్రి జారితే చాలాసార్లు ఒడ్డు తగిలాకే తెలుస్తుంది. కొత్తగా పడవ నడుపుతున్నవాళ్లు తిప్పి తిప్పి ఇవే సందేహాలు అడుగుతున్నారని అన్నీ ఒకచోట చేర్చాను. లెక్కలన్నీ సుమారు 6 నుంచి 15 మీటర్ల పడవలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## బయలుదేరకముందు

బరువైన లంగరు కొంటే సరిపోతుంది కదా?

సరిపోదు. బరువు చేసే పని కొసను అడుగులోకి దిగేలా చేయడం వరకే. ఆ తర్వాత పడవను ఆపేది లంగరు ఎంత లోతుగా పూడుకుందన్నది. నాగలి కూడా అంతే కదా, ముందుకు లాగితే మట్టిలోకి దిగుతుంది, పైకెత్తి లాగితే గీసుకుంటూ పోతుంది. 15 కిలోల మంచి లంగరును నేలబారుగా లాగితే టన్నుల బరువున్న పడవను ఆపుతుంది. అదే లంగరును నిట్టనిలువుగా లాగితే మనిషి చేత్తో పైకి తీసేయొచ్చు. అలాగని మరీ చిన్నది కొనమని కాదు. తయారీదారు పట్టికలో మీ పడవ పొడవుకు, బరువుకు ఏ సైజు చూపిస్తే రాత్రి బసల కోసం దానికి ఒక సైజు పైది తీసుకోండి. లంగరు విషయంలో డబ్బు మిగుల్చుకోవాలని చూడటం నాకు నచ్చదు.

ఇన్ని రకాల లంగర్లున్నాయి, ఏది మంచిది?

నాగలి ఆకారంలో ఉండే సీక్యూఆర్ లంగరుకు 1933లో జెఫ్రీ ఇంగ్రామ్ టేలర్ అనే శాస్త్రవేత్త రూపకల్పన చేశారు. దశాబ్దాల పాటు అదే ప్రామాణికం. ఇప్పటి లంగర్లతో పోలిస్తే అది అడుగులోకి దిగడానికి బద్ధకిస్తుంది. రెండు చదును పలకలుండే డాన్‌ఫోర్త్ రకం తేలిక, ఇసుకలో బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. కానీ గాలి దిశ మారినప్పుడు ఊడిపోయి, పలకల మధ్య గవ్వో రాయో ఇరుక్కుంటే మళ్లీ పట్టుకోదు. పంజాలా ఉండే బ్రూస్ రకం త్వరగా దిగుతుంది కానీ దాని బరువుకు తగ్గ పట్టు ఇవ్వదు. స్పేడ్, రాక్నా, మాంటస్ లాంటి కొత్త తరం లంగర్ల పలక లోపలికి గరిటెలా వంగి ఉంటుంది. త్వరగా దిగుతాయి, గాలి తిరిగితే అవీ తిరిగి మళ్లీ పూడుకుంటాయి. రాత్రికి నా ఓటు వీటికే, రెండో లంగరుగా డాన్‌ఫోర్త్ ఉంచుకోవచ్చు. మడిచి పెట్టుకునే నాలుగు కొక్కేల లంగరు మాత్రం పగటి పూట కాసేపు ఆగడానికే.

మొత్తం గొలుసే ఉండాలా, మోకు పనికిరాదా?

పనికొస్తుంది. అయితే పూర్తిగా మోకే ఉండకూడదు. రాళ్లు, గవ్వలు ఉన్న అడుగున మోకు రాత్రంతా రాసుకుంటే పొద్దుటికి పోగులు లేస్తాయి. అందుకే లంగరు వైపు కనీసం మీ పడవ పొడవంత గొలుసు, ఆపైన నైలాన్ మోకు ఉండాలి. విండ్‌లాస్ (గొలుసును చుట్టి పైకెత్తే యంత్రం) లేని చిన్న పడవలకు ఇదే అనువైనది. విండ్‌లాస్ ఉంటే పూర్తి గొలుసు మేలు.

గొలుసు గురించి ఒక భ్రమ ఉంది. దాని బరువుకు ఏర్పడే వంపే కుదుపులన్నీ మింగేస్తుందని అనుకుంటారు. మామూలు గాలిలో అది నిజమే. గాలి ముదిరాక గొలుసు కడ్డీలా బిగుసుకుంటుంది, వంపు మాయమవుతుంది. అప్పుడు ఆదుకునేవి మీరు వదిలిన పొడవు, సాగే నైలాన్ తాడు మాత్రమే.

పాలీప్రొపిలీన్ మోకు జోలికి పోకండి. నీటి మీద తేలి పక్క పడవ ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది, ఎండకు పెళుసెక్కుతుంది.

గొలుసు రెండో కొసను పడవకు ఎలా బిగించాలి?

షాకిల్‌తో (పిన్నుతో బిగించే ఇనుప బంధంతో) కాదు, తాడుతో. గొలుసు చివరి లింకుకు గట్టి తాడు కట్టి పడవ లోపలి బలమైన కొక్కేనికి బిగించండి. గొలుసు మొత్తం బయటికి వెళ్లినప్పుడు ఆ తాడు డెక్ మీదికి వచ్చేంత పొడవుండాలి. లంగరు వదిలేసి పారిపోవలసిన పరిస్థితి వస్తే కత్తితో ఒక్క కోతలో తెగుతుంది. లంగరు, గొలుసు కలిపే షాకిల్ పిన్నుకు మాత్రం సన్నని స్టెయిన్‌లెస్ తీగ చుట్టి బిగించాలి. ఆ తీగ లేకపోతే పిన్ను మరతో మర విడిపోయి గొలుసు ఒక్కటే చేతికొస్తుంది.

## చోటు ఎంచుకోవడం

లంగరు వేయడానికి చోటు చూసేటప్పుడు మొదట ఏం చూడాలి?

గాలి ఇప్పుడు ఎటు ఉందన్నది కాదు, తెల్లవారుజామున ఎటు తిరుగుతుందన్నది చూడాలి. తీరప్రాంతాల్లో పగలు సముద్రం మీంచి వీచే గాలి రాత్రికి సద్దుమణిగి, నేల మీంచి సముద్రం వైపు మొదలవుతుంది. సాయంత్రం ఒడ్డును ఆనుకుని హాయిగా ఉన్న పడవ అర్ధరాత్రికి నూట ఎనభై డిగ్రీలు తిరిగి ఉంటుంది. కొండల పక్కన ఉంటే రాత్రి చల్లబడ్డ గాలి లోయల్లోంచి ఒక్క ఊపున కిందికి దూకుతుంది. వాతావరణ సూచనలో రాత్రి గాలి ఒడ్డు వైపు వీస్తుందని ఉంటే, అంటే లంగరు జారితే మీరు నేరుగా ఒడ్డెక్కేలా ఉంటే, ఆ చోటు ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

పడవలు రాకపోకలు సాగించే కాలువ, నీటి అడుగున కేబుల్, పైప్‌లైన్ ఉన్న చోటు చార్టులో (నీటి లోతులు చూపే పటంలో) గుర్తించి ఉంటాయి. అక్కడ వేయకూడదు.

అడుగున ఇసుకో రాయో పై నుంచి ఎలా తెలుస్తుంది?

చార్టులో లోతు అంకెల పక్కన అక్షరాలుంటాయి: ఎస్ అంటే ఇసుక, ఎం అంటే బురద, సీవై బంకమన్ను, ఆర్ రాయి, డబ్ల్యూడీ నీటి కలుపు. ఇసుక, బంకమన్ను మంచివి. బురద కూడా పర్వాలేదు కానీ లంగరు దిగి కుదురుకోవడానికి కాసేపు సమయమివ్వాలి. కలుపు మోసం చేస్తుంది. లంగరు మొక్కల వేళ్లలో చిక్కుకుని పట్టినట్టే ఉంటుంది, గాలి పెరగగానే మొక్కలతో సహా ఊడొస్తుంది. పగడపు దిబ్బల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు. ఒక్క రాత్రి గొలుసు ఊగితే ఏళ్ల తరబడి పెరిగిన పగడం పొడి అవుతుంది.

చార్టు మీద నమ్మకం లేకపోతే పాతకాలపు పద్ధతి ఒకటుంది. సీసపు గుండు అడుగు గుంటలో మెత్తటి సబ్బు కూరి తాడుతో దించండి. పైకి తీసినప్పుడు ఇసుక రేణువులో, బురదో, గవ్వ పెంకులో సబ్బుకు అంటుకుని వస్తాయి. ఏమీ అంటకుండా నొక్కుకుపోయి వస్తే కింద రాయి.

ఎంత లోతులో ఆగాలి?

రెండు హద్దులు గుర్తుంచుకోండి. బాగా పాటు తీసినప్పుడు కూడా పడవ అడుగుకు, నేలకు మధ్య కనీసం అర మీటరు నుంచి మీటరు ఖాళీ ఉండాలి, అలలుంటే ఇంకా ఎక్కువ. నిండు పోటులో ఉండే లోతుకు సరిపడా గొలుసు మీ దగ్గర ఉండాలి.

ఆటుపోట్లు సుమారు ఆరు గంటలకోసారి మారే చోట నీరు ఒకే వేగంతో పెరగదు, తగ్గదు. మొదటి గంటలో మొత్తం తేడాలో పన్నెండో వంతు, రెండో గంటలో అలాంటివి రెండు వంతులు, మూడు, నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత రెండు, ఒకటి. మధ్య రెండు గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుందన్నమాట. అమావాస్య, పౌర్ణమి రోజుల చుట్టూ ఈ తేడా పెద్దది.

మరొక్క సంగతి: మీ ఎకో సౌండర్ చూపే లోతు నీటి మట్టం నుంచా, సెన్సర్ నుంచా, పడవ అడుగు నుంచా అన్నది ముందే తెలుసుకోండి.

పక్క పడవకు ఎంత దూరం ఉండాలి?

పడవ లంగరు చుట్టూ తిరుగుతుంది. ఆ వృత్తం వ్యాసార్ధం దాదాపు మీరు వదిలిన గొలుసు, మీ పడవ పొడవు కలిపినంత. ఒకే తరహా పడవలైతే గాలి మారినప్పుడు అన్నీ కలిసి తిరుగుతాయి కాబట్టి వృత్తాలు కొంచెం కలిసినా ఫరవాలేదు. చిక్కల్లా రకరకాల పడవలున్నప్పుడే. లోతైన కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే పలక) ఉన్న తెరచాప పడవ ప్రవాహం మాట వింటుంది, ఎత్తైన క్యాబిన్ ఉన్న మోటారు పడవ గాలి మాట వింటుంది. గాలి, ప్రవాహం ఎదురెదురుగా ఉన్న రాత్రి ఈ రెండూ ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. ముందు వచ్చినవాళ్లది హక్కు, తర్వాత వచ్చినవాళ్లే జరగాలి. ఎంత గొలుసు వదిలారో పక్కవాళ్లను అడగడానికి మొహమాటపడకండి.

నదిలో ఆగుతున్నాం. సముద్రానికీ దీనికీ తేడా ఏంటి?

నదిలో గాలి కంటే ప్రవాహమే యజమాని. వంపు లోపలి వైపు నీరు నెమ్మదిగా పారుతుంది, అక్కడ ఆగడం మేలు, అయితే అక్కడ లోతు తక్కువ, ఇసుక మేటలుంటాయి. వెలుపలి వైపు లోతు, వేగం రెండూ ఎక్కువ, పెద్ద పడవల దారి కూడా అదే. కొట్టుకొచ్చే దుంగలు, గుర్రపుడెక్క గొలుసుకు చుట్టుకుంటే లాగుడు అమాంతం పెరుగుతుంది కాబట్టి పడుకునే ముందు ఒకసారి, మధ్యలో ఒకసారి పడవ ముక్కు (ముందు కొస) దగ్గర టార్చి వేసి చూడండి. ఎగువన ఆనకట్ట ఉంటే నీళ్లు వదిలే వేళలు కనుక్కోండి.

## లంగరు దించడం

గొలుసు ఎంత పొడవు వదలాలి?

మూడింటిని కలపాలి: నీటి మట్టం నుంచి ఇప్పుడున్న లోతు, పోటుకు ఇంకా పెరగబోయే నీరు, నీటి మట్టం నుంచి పడవ ముక్కు మీది రోలర్ (గొలుసు జారే చక్రం) దాకా ఎత్తు. ఈ మొత్తాన్ని పూర్తి గొలుసైతే 5తో, మోకు కలిసి ఉంటే 7తో గుణించండి.

లోతు 4 మీటర్లు, పోటుకు పెరిగేది 1.5, రోలర్ ఎత్తు 1 అనుకుందాం. మొత్తం 6.5. గొలుసైతే 33 మీటర్లు, మోకైతే 46 మీటర్లు వదలాలి.

రోలర్ ఎత్తును చాలామంది వదిలేస్తారు. తక్కువ లోతులో కొంపముంచేది అదే. రెండు మీటర్ల నీళ్లలో పది మీటర్ల గొలుసు వదిలి ఐదింతలు వదిలానని నిశ్చింతగా ఉంటారు. రోలర్ మీటరు ఎత్తులో ఉంటే లాగుడు మూడు మీటర్ల ఎత్తు నుంచి మొదలవుతుంది. అంటే వదిలింది మూడింతలకు కాస్త ఎక్కువ, అంతే.

గాలి ముదిరే సూచన ఉండి, చుట్టూ చోటుంటే ఎనిమిది, పదింతల వరకు వెళ్లండి. గాలి వేగం రెట్టింపైతే పడవ మీద ఒత్తిడి నాలుగింతలవుతుంది. 15 నాట్ల (గంటకు సుమారు 28 కిలోమీటర్ల) గాలిలో కులాసాగా ఉన్న ఏర్పాటు 30 నాట్లలో నిలవాలంటే నాలుగు రెట్ల పట్టు కావాలి. సంచిలో ఉన్న గొలుసు ఎవరికీ ఉపయోగపడదు.

లెక్క తప్పకుండా గొలుసుకు ప్రతి 10 మీటర్లకు రంగు వేసుకోండి.

లంగరు విసిరేయాలా, మెల్లగా దించాలా?

మెల్లగానే. గాలికి ఎదురుగా, ప్రవాహం బలంగా ఉంటే ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెట్టి అనుకున్న చోటికి రండి. అప్పటికే ఆగి ఉన్న పడవలు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తే దిశ తెలిసిపోతుంది. పడవ పూర్తిగా ఆగి, వెనక్కి జరగడం మొదలయ్యాక లంగరు దించండి. అడుగు తగిలాక పడవ వెనక్కి పోతున్న కొద్దీ గొలుసు వదలాలి. ఒక్కసారి గుమ్మరిస్తే లంగరు మీదే కుప్పపడి చిక్కుకుంటుంది. లోతుకు మూడింతలు వెళ్లాక కాసేపు ఆపండి. ముక్కు లంగరు వైపు తిరిగితే కొస దిగడం మొదలైందని అర్థం. తర్వాత మిగతా పొడవంతా వదలండి.

ముక్కు దగ్గరున్న మనిషికీ చుక్కాని దగ్గరున్న మనిషికీ మధ్య చేతి సైగలు ముందే మాట్లాడుకోండి. ఇంజన్ చప్పుడులో అరుపులు వినపడవు, గొడవలు మాత్రం మొదలవుతాయి.

పట్టిందో లేదో ఖచ్చితంగా ఎలా తెలుసుకోవాలి?

రివర్స్‌లో లాగి చూడాలి, ఇంకో దారి లేదు. పొడవంతా వదిలాక ఇంజన్‌ను రివర్స్‌లో కనీస వేగంతో ఓ నిమిషం ఉంచండి, తర్వాత మెల్లమెల్లగా సగం శక్తి దాకా పెంచండి. ఇప్పుడు పక్కకు చూడండి. ఒడ్డున ఒక చెట్టు, దాని వెనక దూరంగా ఇంకో గుర్తు ఒకే గీతలో ఉండేలా ఎంచుకోండి. అవి ఒకదాని మీద ఒకటి అలాగే నిలిస్తే పడవ ఆగినట్టు, విడిపోతుంటే జారుతున్నట్టు.

చేతికి కూడా తెలుస్తుంది. రోలర్‌కు ముందున్న గొలుసు మీద పైనుంచి అరచెయ్యి ఆనించండి, వేళ్లు చుట్టకండి. పట్టిన గొలుసు బిగుతుగా, నిశ్చలంగా ఉంటుంది. జారుతున్న గొలుసు గరగరమని వణుకుతుంది, లంగరు అడుగును గీసుకుంటూ పోవడం అరచేతికి అందుతుంది. రివర్స్ ఆపగానే పడవ కొంచెం ముందుకు సాగాలి, అది మంచి లక్షణం.

రెండుసార్లు వేసినా పట్టకపోతే అక్కడే పంతం పట్టొద్దు, చోటు మార్చండి. అందుకే చీకటి పడటానికి రెండు గంటల ముందే చేరుకోవాలనేది.

పడవ వెనుక భాగం నుంచి లంగరు కడితే ఏమవుతుంది?

ఒక్క వెనుక లంగరు మీదే పడవను ఎప్పుడూ నిలపకండి. వెనుక భాగం చదునుగా, నీటికి దగ్గరగా ఉంటుంది, మోటారు బరువు కూడా అక్కడే. అల వస్తే ఎక్కి తొలగాల్సింది పోయి లోపలికి దూకుతుంది. చిన్న పడవలు నిమిషాల్లో నిండి మునుగుతాయి.

రెండు లంగర్లు వేస్తే నిశ్చింతే కదా?

చాలా రాత్రులు ఒక మంచి లంగరు, తగినంత గొలుసు చాలు. రెండోది ఎందుకో స్పష్టంగా తెలిస్తేనే వేయండి. ఒకే దిక్కు నుంచి గట్టి గాలి వస్తుందంటే రెండింటినీ ముక్కు నుంచి 45 నుంచి 60 డిగ్రీల ఎడంలో వేయొచ్చు. ఇరుకు కాలువలో ఆటుకూ పోటుకూ ప్రవాహం తిరగబడుతుంటే ఒకటి ఎగువకు, ఒకటి దిగువకు వేసి రెండూ ముక్కుకే కడతారు. ఇబ్బందల్లా పడవ గుండ్రంగా తిరిగితే రెండు తాళ్లూ మెలిపడటం. అర్ధరాత్రి గాలిలో ఆ పురి విప్పడం నరకం. పక్క పడవలన్నీ ఒక లంగరు మీద ఊగుతుంటే మీరొక్కరే రెండు వేసి బిగుసుకుని ఉండటం కూడా ప్రమాదమే.

## పడుకునే ముందు

స్నబ్బర్ అంటున్నారు, అది తప్పనిసరా?

గొలుసు వాడితే తప్పనిసరి అనే చెబుతాను. 5 నుంచి 10 మీటర్ల నైలాన్ తాడు ఒక కొసను కొక్కెంతో గొలుసుకు తగిలించి, రెండో కొసను ముక్కు దగ్గరి క్లీట్‌కు (తాళ్లు కట్టే గట్టి కొక్కేనికి) కట్టి, దాని వెనక గొలుసు వదులుగా వేలాడేలా ఇంకాస్త వదులుతారు. అప్పుడు లాగుడంతా సాగే తాడు మీద పడుతుంది. స్నబ్బర్ లేకపోతే ప్రతి కుదుపూ విండ్‌లాస్ ఇరుసుకు తగులుతుంది. విండ్‌లాస్ గొలుసు ఎత్తడానికే గానీ రాత్రంతా పడవను మోయడానికి కాదు. పైగా గొలుసు రోలర్ మీద కరకరలాడుతుంటే నిద్ర పట్టదు.

తాడు పడవ అంచుకు రాసుకునే చోట పాత హోస్ పైపు ముక్కో తోలో చుట్టండి. తాడు తెగేది ఎక్కువగా అక్కడే.

రాత్రి ఏ దీపం వెలిగించాలి?

అన్ని దిక్కులకూ కనిపించే ఒక తెల్ల దీపం. పడవలు ఢీకొనకుండా 1972లో చేసిన అంతర్జాతీయ నిబంధనల ప్రకారం 50 మీటర్ల లోపు పడవకు ఇది ఒక్కటి చాలు, రెండు నాటికల్ మైళ్ల దూరానికి కనిపించాలి. పగలైతే ముందు భాగంలో ఒక నల్ల బంతి. 7 మీటర్ల లోపు పడవకు రాకపోకలు లేని చోట మినహాయింపు ఉంది కానీ దాన్ని వాడుకోకండి, వెలిగించే పడుకోండి. ఎరుపు, ఆకుపచ్చ దీపాలు ఆపేయాలి, అవి ఉంటే మీరు ప్రయాణంలో ఉన్నారనుకుంటారు. తెరచాప కొయ్య కొసన ఉన్న దీపాన్ని దగ్గరగా వచ్చే చిన్న పడవవాళ్లు నక్షత్రమనుకుని తల కూడా ఎత్తరు. డెక్ ఎత్తులో ఇంకో చిన్న వెలుగు ఉంచడం మంచిది.

ఫోన్‌లో యాంకర్ అలారం పెట్టాను. అది ఊరికే మోగుతోంది, ఎందుకు?

వృత్తం మధ్య బిందువు తప్పయి ఉంటుంది. అలారంలో గుర్తించాల్సింది లంగరు అడుగు తగిలిన చోటు, పడవ వెనక్కి వెళ్లి ఆగిన చోటు కాదు. లంగరు దించిన క్షణంలోనే బటన్ నొక్కాలి. తర్వాత నొక్కితే గాలి తిరిగినప్పుడు పడవ సహజంగా అటువైపు వెళ్లినా మోగుతుంది, విసిగిపోయి వృత్తం పెద్దది చేస్తే నిజంగా జారినప్పుడు ఆలస్యంగా మోగుతుంది. 35 మీటర్ల గొలుసు, 10 మీటర్ల పడవ అయితే వ్యాసార్ధం 45, జీపీఎస్ తేడాకు మరో 10 కలిపి 55 పెట్టండి. ఫోన్‌ను ఛార్జర్‌కు తగిలించి తల పక్కనే ఉంచుకోండి.

ఏసీ కోసం రాత్రంతా జనరేటర్ నడపొచ్చా?

వద్దు. ఆగి ఉన్న పడవలో, గాలి లేని రాత్రి పొగ తిరిగి క్యాబిన్‌లోకే వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు, నిద్రలో ఉన్నవాళ్లు లేవరు. పక్క పడవ జనరేటర్ పొగ కూడా రావచ్చు కాబట్టి పడుకునే చోట డిటెక్టర్ తప్పక ఉండాలి.

## అర్ధరాత్రి

నిద్రలో ఉండగా జారుతోందని ఎలా తెలుస్తుంది?

పడవ కదలిక తీరు మారుతుంది. పట్టి ఉన్న పడవ ముక్కు గాలి వైపే ఉంటుంది, అటూ ఇటూ ఊగినా మళ్లీ అక్కడికే వస్తుంది. జారుతున్న పడవ గాలికి అడ్డం తిరిగి అలాగే ఉండిపోతుంది, పక్కల నుంచి అలలు తగులుతాయి. గొలుసు బిగుసుకుని ఒక్కసారి వదులై మళ్లీ బిగుసుకోవడం ఇంకో గుర్తు. మెలకువ వస్తే బయటికి వచ్చి, సాయంత్రం దిక్సూచితో రాసుకున్న రెండు మూడు ఒడ్డు దీపాల దిశలు అలాగే ఉన్నాయా చూడండి. అందుకోసం వెలుగుండగానే రాత్రి వెలిగే గుర్తులు ఎంచుకోవాలి, చెట్లూ ఇళ్లూ చీకట్లో కనపడవు.

జారుతోంది! ఇప్పుడేం చేయాలి?

ముందు ఇంజన్ స్టార్ట్ చేయండి. అంతకుముందు నీళ్లలో తాళ్లేమీ వేలాడటం లేదని ఒక్క చూపు చూడండి, ప్రొపెల్లర్‌కు తాడు చుట్టుకుంటే పని రెండింతలవుతుంది. వెనక ఖాళీ ఉండి, జారడం మెల్లగా ఉంటే ఇంకో 10, 15 మీటర్లు వదలండి, చాలాసార్లు మళ్లీ పట్టుకుంటుంది. పట్టకపోతే ఇంజన్‌తో గాలికి ఎదురు వెళుతూ లంగరు ఎత్తి, వేరే చోట మొదటి నుంచి వేయండి. లంగరు లేపాక కొసను చూడండి, నాచు ముద్దో ప్లాస్టిక్ సంచో చుట్టుకుని ఉంటే ఎన్నిసార్లు వేసినా పట్టదు.

ఒడ్డు మరీ దగ్గరపడి లంగరు ఎత్తే సమయం లేకపోతే గొలుసు కొసకు తేలే బోయా కట్టి, తాడు కోసి బయటపడండి. లంగరును రేపు వెతుక్కోవచ్చు.

మంచు దట్టంగా కమ్మేసింది. దీపం చాలా?

చాలదు, చప్పుడు చేయాలి. లంగరు మీదున్న పడవ నిమిషానికి మించి విరామం లేకుండా సుమారు ఐదు సెకన్ల పాటు గంటను గబగబా మోగించాలన్నది నిబంధన. 12 మీటర్ల లోపు పడవకు గంట లేకపోతే వేరే గట్టి శబ్దమేదైనా రెండు నిమిషాలకు మించకుండా చేస్తుండాలి.

## పొద్దున్నే

లంగరు పైకి రావడం లేదు, ఎక్కడో ఇరుక్కుంది. ఏం చేయను?

విండ్‌లాస్‌తో బలవంతంగా లాగకండి, మోటారు కాలిపోతుంది. పడవను సరిగ్గా లంగరు మీదికి తెచ్చి, గొలుసు నిట్టనిలువుగా బిగించి, విండ్‌లాస్ మీద భారం పడకుండా క్లీట్‌కు కట్టి కాసేపు ఆగండి. ముక్కు లేచి పడే ప్రతి అలా లంగరును కొంచెం కొంచెం కదుపుతుంది. బురదలో లోతుగా పూడుకుంటే పావుగంట పట్టొచ్చు. రాయి కింద దూరిందనిపిస్తే గొలుసు కాస్త వదులు చేసి, లంగరును దాటి ముందుకు వెళ్లి, అది దిగిన దిశకు ఎదురు దిశలో మెల్లగా లాగండి.

రాళ్లున్న చోటని ముందే తెలిస్తే లంగరు తల వైపున్న కంతకు ఒక సన్నని తాడు, దానికి చిన్న బోయా కట్టి దించాలి. ఇరుక్కుంటే ఆ తాడు లాగగానే వెనక్కి ఊడొస్తుంది. ఆ తాడు పొడవు నిండు పోటు లోతుకు సరిపోవాలి, లేకపోతే బోయా నీళ్లలోకి మునిగిపోతుంది.

గొలుసుకంటిన బురద కడగకుండా పెడితే ఏమవుతుంది?

కంపు కొడుతుంది, గొలుసు పెట్టె కన్నాలు పూడి నీరు నిలుస్తుంది, జింక్ పూత త్వరగా పోతుంది. ఎత్తుతూనే బకెట్టు నీళ్లతోనో పంపుతోనో కడగండి. కడిగేటప్పుడే షాకిల్ తీగ తెగిందా, ఏ లింకైనా సన్నబడిందా చూసుకోవచ్చు. అరిగిన లింకు చుట్టుకొలత మిగతావాటికంటే తేడాగా చేతికి తగులుతుంది. అలాంటిది ఒక్కటి కనపడ్డా ఆ ముక్క వరకు కోయించి తీసేయండి.